బరణిలో రాగి పైసా

నీళ్లుంటే చాలు, చేప బతుకుతుంది. నా చిన్నప్పుడు నాకు తెలిసిన శాస్త్రం అంతే. ఆ అరకొర తెలివితోనే పదేళ్ల వయసులో రెండు చేపల ప్రాణం తీశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ నేరం తీసుకెళ్లి మా అవ్వ నెత్తిన పెట్టాను.

అప్పుడు మేము మేడ్చల్‌లో ఉండేవాళ్లం. నాయిన తెల్లారగానే జీడిమెట్లలో లేత్ మిషన్ పనికి పోయేవాడు. అమ్మ బజార్లో ఒక టైలరింగ్ దుకాణంలో జాకెట్లు కుట్టేది. పగలంతా ఇంట్లో ఉండేది నాయిన వాళ్ల అమ్మ, మా అవ్వ ఒక్కతే. ఆ ఏడాది అవ్వకు మతిమరుపు మొదలైంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేది. ఒకరోజు స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి గిన్నె మాడిపోయి ఇల్లంతా పొగ. ఆ సాయంత్రం నాయిన తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి గిట్లయితే రావల్కోల్ల తమ్మునింట్ల దించొస్త. ఆడ ఎవలో ఒకలు ఇంటి పట్టున ఉంటరు" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టను, ఆయన భయం ఆయనది. కానీ మర్నాడు అవ్వ నాకు జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకుంది. "నిన్ను ఇడిసిపెట్టి నేను యాడికి వోత బిడ్డా" అంది. అవ్వ లేకపోతే ఆ ఇంట్లో నేను మాత్రం ఎవరి దగ్గర ఉంటాను? ఆ మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది.

పక్కింటి అక్క డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతుండేది. కిరాణా కొట్టువాళ్లు పక్కన పడేసిన బిస్కెట్ల గాజు బరణి ఒకటి అడిగి తెచ్చి, ఇందులో చిన్న చెరువు చేద్దామంది. శామీర్‌పేట చెరువు అంచు నుంచి మట్టి, నాలుగు రకాల నీటి మొక్కలు తెచ్చింది. జల్లించిన మట్టిని అడుగున పరిచి, దాని మీద ఇసుక వేయాలి. ఆ ఇసుకను నాతో ఎన్నిసార్లు కడిగించిందో చెప్పలేను, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలితే ఒట్టు. బరణి మూతి ఇరుకు. అక్క చెయ్యి సగంలోనే ఆగిపోయింది. నా చెయ్యి ఒక్కటే అడుగుదాకా పోయేది కనుక మొక్కలన్నీ నేనే నాటాను. నా గర్వం చూడాలి అప్పుడు! మట్టి లేవకుండా ఇసుక మీద ప్లాస్టిక్ కవరు ముక్క పరిచి, దాని మీద గ్లాసుతో మెల్లగా నీళ్లు పోసింది అక్క. వాళ్లింట్లో పిల్లి ఉంది కాబట్టి బరణిని మా కిటికీలో పెట్టాం.

మరి చేపలేవని అడిగితే, "ముందుగాల మొక్కలు నాటుకోవాలె, నీళ్లు కుదురుకోవాలె. మూడు వారాలు ఆగు" అంది. మూడు వారాలు! రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడి, మొక్కల వెంట వచ్చిన నత్తలు గాజు మీద పాకుతుంటే వాటినే చూసుకున్నాను. చివరికి అల్వాల్ నుంచి ప్లాస్టిక్ కవర్లో రెండు గప్పీ చేపలు వచ్చాయి. చిటికెన వేలంత కూడా లేవు. ఒకదాని తోక నారింజ రంగు. నన్ను అడగకుండా ఇందులో ఏమీ వెయ్యొద్దని అక్క నాతో ఒట్టు వేయించుకుంది.

పది రోజులకు నీళ్లు పచ్చబడ్డాయి. అక్కేమో పరీక్షలకని అల్వాల్‌లో వాళ్ల మేనత్త ఇంటికి వెళ్తోంది. "పరేషాన్ గాకు, మొక్కలే సూస్కుంటయ్. నేనొచ్చేదాంక ముట్టకు" అని చెప్పి మరీ వెళ్లింది. నాకు ఓపిక ఎక్కడిది? అక్క వచ్చేసరికి నీళ్లు అద్దంలా ఉండాలి, భలే చేశావే అనాలి.

మా ఇంట్లో తాగే నీళ్ల బిందెలో దారానికి కట్టిన తూటు పైసా ఒకటి ఉండేది. పాతకాలపు రాగిది, నడుమ చిల్లు. రాగి ఉంటే నీళ్లు మంచిగైతయి, కడుపుల సల్లగుంటదని అవ్వ నమ్మకం. మాకు మంచి చేసేది చేపలకు చెడు ఎందుకు చేస్తుంది? దారం విప్పి, పైసాను పొడుగాకుల మొక్క వేళ్ల కింద మట్టిలోకి గుచ్చాను. సాయంత్రం అవ్వ బిందె చుట్టూ తడుముకుంటూ, "నా పైస సూసినవా బిడ్డా?" అని అడిగింది. లేదన్నాను. యాడనో పోగొట్టినట్టున్ననని తనను తానే తిట్టుకుంది.

మూడో రోజుకు నత్తలు గాజు మీద నుంచి రాలిపోయాయి. ఆదివారం పొద్దున రెండు చేపలూ పైకి తేలి ఉన్నాయి.

"ఏమేసినవే అండ్ల?" అమ్మ చేతిలో అట్లకాడ ఉంది.

"నేను గాదు. అవ్వ ఏదో ఏసింది. నేను సూసిన."

నాకు రావల్కోల్ మాట గుర్తుంది. అయినా నోరు అంత పని చేసింది. అవ్వ కాదంటుందనుకున్నాను. దొంగపిల్లా అని నెత్తిన ఒకటి మొడుతుందనుకున్నాను. అవ్వ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఏసిన్నేమో బిడ్డా. యాదికొస్తలేదు. పైస గూడ గట్లనే పోగొట్టిన" అంది.

నాయిన మెల్లగా, బట్టలు సర్దుకో అవ్వా అన్నాడు. అవ్వ ఎదురు చెప్పకుండా చీరలు మడిచి సంచిలో పెట్టుకుంది. నేను నిజం చెప్పకుండా చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం అక్క అల్వాల్ నుంచి వచ్చింది. బరణి చూసి, పెరట్లోని చాకిరేవు బండ దగ్గరికి నన్ను తీసుకెళ్లి నీళ్లు వంపింది. మొక్కను లాగితే వేళ్లతో పాటు పైసా వచ్చింది.

"ఇది అవ్వ బిందెలది గదా?"

అవ్వే వేసిందన్నాను. రెండోసారి కూడా! అక్క నా మణికట్టు పట్టుకుని ఖాళీ బరణిలో పెట్టింది. వేళ్లు అడుగు తాకాయి. ఆ తర్వాత తన చెయ్యి పెట్టింది. సగంలో ఆగింది.

"అవ్వ కీళ్లు సూసినవా, ఎట్ల ఉబ్బినయో? గా గాజులతోని గా చెయ్యి ఇండ్లకు పోతదా?"

ఇక నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. రాగి మన బిందెకు మంచిదే కానీ ఇంత చిన్న బరణిలో నత్తలకు, చేపలకు విషమని అక్క చెప్పింది. తెలియక చేశావు, దానికి నాకు కోపం లేదంది. "కని అవ్వ నిజంగనే తనే సంపిన్ననుకుంటాంది. ఆమెకు యాది తక్కువైతాంది. మనం ఏది జెప్తే అదే నమ్ముతది. నేనెవ్వలకు జెప్ప. ఇగ నీ ఇష్టం" అని, ఇసుక కడగడంలో పడిపోయింది. తిట్టినా, కొట్టినా నేను ఇంకో అబద్ధం వెతుక్కునేదాన్నే. అట్లా వదిలేసేసరికి పారిపోవడానికి నాకు చోటు లేకపోయింది.

నేను వాకిట్లోకి పరుగెత్తేసరికి అవ్వ స్కూటర్ వెనక కూర్చుని ఉంది, ఒళ్లో సంచి. తడి పైసా చూపించి ఒక్క ఊపిరిలో కక్కేశాను. నేనే వేశాను, పైసా కూడా నేనే తీశాను, అవ్వకేం తెలియదు. నాయిన చెయ్యి లేచింది. అవ్వ గబుక్కున దిగి నాకు అడ్డం వచ్చింది.

"నేను గాదా?"

"గాదవ్వా. నేనే."

"నిజంగ నేను గాదా బిడ్డా?" అవ్వ నవ్వింది. నన్ను తిట్టడం కూడా మరిచిపోయి, పక్కింటి వాళ్లకు వినబడేటట్టు, నేను గాదంట, నేను గాదంట అని అందరికీ చెప్పింది. నాయిన మొహం తిప్పుకుని సంచి లోపల పెట్టాడు. అవ్వ మా ఇంట్లోనే ఉండిపోయింది.

అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత జడ వేస్తూ, "పాపం, గా శాపలను నేనే సంపిన గదా బిడ్డా?" అంది. ఒక్కసారి చెప్పిన అబద్ధం అవ్వ మనసులో దిగబడిపోయింది, నిజం మాత్రం ఎన్నిసార్లు చెప్పినా నిలవలేదు. అక్కతో మళ్లీ బరణి పెట్టాం, ఈసారి చేపలు బతికాయి, పిల్లలు కూడా పెట్టాయి. అయినా అవ్వ అడుగుతూనే ఉంది. చుట్టాల ముందు అడిగేది. అన్నం తింటూ తింటూ అడిగేది. సిగ్గేసేది, ఒక్కోసారి విసుగొచ్చేది. అయినా గాదవ్వా, నేనే అని చెప్పాల్సిందే. చివరి రోజుల్లో అవ్వ మతిలోంచి నా పేరు పోయింది, నేనెవరో కూడా పోయింది. ఎవలమ్మా నువ్వు అని అడిగి, వెంటనే ఆ చేపల సంగతి ఎత్తేది.

ఇప్పుడు మా ఇంటి కిటికీలో కూడా చిన్న బరణి ఉంది. తూటు పైసా నా బీరువాలో ఉంది. ఇంట్లో ఏదైనా పగిలితే, పోతే, ఎవరి పేరో నోటిదాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. బరణిలో నీళ్లు మార్చిన ప్రతిసారీ నాకు తెలియకుండానే అనుకుంటాను: గాదవ్వా, నేనే.