లవర్న్ మోకాలూ, ఊరివాళ్ళ జాలీ

అమెరికాలో ఓ పెద్ద సరస్సు ఒడ్డునున్న కెవానీ ఊళ్ళో లవర్న్ క్రాల్ కుడి మోకాలి గురించి తెలియనివాళ్ళు లేరు. ఆ మోకాలికి ఎక్స్‌రే తీయించింది ఒక్క డాక్టరే అయినా వైద్యం మాత్రం ఊరంతా చెప్పింది. పోస్టాఫీసు దగ్గర ఒక పెద్దమనిషి క్యాబేజీ ఆకు కట్టుకోమన్నాడు. చర్చి మెట్ల మీద ఒకావిడ చెర్రీపళ్ళ రసం తాగమంది. మాంసం కొట్టు ఎల్రాయ్ స్టోడోలా అయితే సాసేజీలు తూస్తూ తూస్తూనే, "కాస్త ఒళ్ళు తగ్గితే అన్నీ సర్దుకుంటాయి లవర్న్‌గారూ" అని, పొట్లంలో మరో రెండు సాసేజీలు కొసరేసి ఆవిడ చేతిలో పెట్టాడు.

లవర్న్‌కి అరవై ఏడేళ్ళు. బతుకంతా బడి వంటగదిలో సిమెంటు నేల మీద నిలబడి, ఊళ్ళో పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం వండి పెట్టిన మనిషి. ఆ అలసటంతా ఆవిడ ఆదివారం మధ్యాహ్నం డాన్సు హాల్లో దులుపుకునేది. అకార్డియన్ వాయిద్యం మొదలైతే లవర్న్, ఆవిడ మొగుడు నార్బర్ట్ అందరికన్నా ముందు లేచేవాళ్ళు. పోల్కా నాట్యంలో వాళ్ళిద్దరూ గిరగిరా తిరుగుతూ వస్తుంటే కుర్రజంటలు గోడల పక్కకి తప్పుకునేవి. నార్బర్ట్ వెదురుబద్దలా ఉంటాడు. ఏం తిన్నా ఒంటికి పట్టదు. అదేదో తను కష్టపడి సాధించుకున్న ఘనకార్యమైనట్టు చెప్పుకుంటాడు కూడా.

మేనకోడలి పెళ్ళిలో మోకాలు కటుక్కుమంది. లవర్న్ కుర్చీలో కూలబడింది. తరవాత వెళ్ళి చూపిస్తే డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి, కీలులో మెత్తటి పొర అరిగిపోయిందనీ అది మళ్ళీ పెరగదనీ చెప్పాడు.

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"బరువు తగ్గండి."

"ఎలా తగ్గాలండీ?"

"నడవండి."

"నడిస్తేనే కదండీ నొప్పి!"

"అందుకేగా బరువు తగ్గమంటున్నాను!" అన్నాడు డాక్టరు ఎంతో ఓపిగ్గా.

చెప్పినమాట వినే అలవాటున్న మనిషి కనక లవర్న్ నడిచింది. నవంబరు నెల, సరస్సు మీంచి కొట్టే గాలి, రోడ్డంతా గడ్డకట్టిన మంచు. మూడోరోజుకి మోకాలు పులిసిన రొట్టెపిండిలా పొంగింది. ఇంక సోఫాలోంచి లేవలేదు. సోఫాలో కూర్చున్న మనిషికి తోచే పని ఏముంటుంది? అలమారలో ఏమున్నాయో ఆలోచించడమే.

ఆదివారం హాలుకి వెళ్ళడం మాత్రం మానలేదు. వెళ్ళి గోడవార బల్ల దగ్గర కూర్చునేది. ఇక్కడే ఊరివాళ్ళ మంచితనం బయటపడింది. లవర్న్ ఆడలేకపోతోందన్న బాధతో ప్రతివాళ్ళూ ఆవిడకి పళ్ళెం తెచ్చిపెట్టడం మొదలెట్టారు. బూయా వండిన రోజున ఆ కోడిమాంసం పులుసు గిన్నెల కొద్దీ వచ్చేది. నార్బర్ట్ చెల్లెలు రోజెల్లా కొలాచీలు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. మధ్యలో ఆలూబుఖారా గుజ్జో గసగసాల ముద్దో పెట్టి కాల్చిన ఆ మెత్తటి బిళ్ళల్ని వరసగా పేర్చి తెచ్చేది.

"నువ్వు లేవకు వదినా, నేనున్నాగా. గసగసాలవి తిను. ఆలూబుఖారావి కూడా తిను. ఆడలేవు సరే, తిననైనా తింటే నాకు తృప్తి" అనేది.

నార్బర్ట్ పాట మధ్యలో వచ్చి చెమట తుడుచుకుంటూ, "మనిద్దరి వంతూ నేనే ఆడుతున్నానే!" అని ఓ చిన్న త్యాగం చేసినట్టు చెప్పి, విధవరాలు ఫెర్న్ చెయ్యి పట్టుకుని మళ్ళీ హాలు మధ్యకి పోయేవాడు. ఫెర్న్ మోకాళ్ళు ఉక్కుముక్కలు. లవర్న్ ఇంకో కొలాచీ తీసుకునేది.

వసంతం వచ్చేసరికి మంచు కరిగింది కానీ లవర్న్ కరగలేదు. ఒక ఆదివారం ఖాళీ పళ్ళెం తనే వంటగదిలో పెట్టొద్దామని కర్ర ఊతంతో మెల్లగా వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల రోజెల్లా గొంతు.

"మోకాలు నొప్పంటే నొప్పెట్టదూ మరి! ఆ తిండి చూశారా? పెట్టినదల్లా తింటుంది. నా కొలాచీలు ఇవాళ ఆరు లాగించింది."

లవర్న్ పళ్ళేన్ని చప్పుడు కాకుండా కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. ఇంటికెళ్ళే దారిలో కారులో నార్బర్ట్ ఆవేళ్టి సంగీతం గురించీ ఫెర్న్ చురుకుదనం గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చుంది. ఆరు కాదు, అయిదే తిన్నాననే మాట నోటిదాకా వచ్చింది. అయిదు తిన్న మనిషికి ఆ మాట అనే మొహం ఉంటుందా అనిపించి మింగేసింది.

ఆ వారమే ఇంకొక చోట చూపించుకుంది. కాస్త దూరంలో ఉన్న గ్రీన్‌బే పట్నంలో వ్యాయామం నేర్పే డాక్టరమ్మ మోకాలు అటూ ఇటూ వంచి చూసి, కుర్చీలో కూర్చునే కాలు చాచి కాసేపు అలాగే పట్టి ఉంచడం నేర్పింది. "తొడ కండ గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది" అంది. తరవాత, "నొప్పి పూర్తిగా పోయాక కదులుదామని మాత్రం కూర్చోకండి. ఆ రోజు రాదు. కాస్త నొప్పి ఉన్నా కదలండి. మర్నాటికి వాపొస్తే కొంచెం తగ్గించండి, అంతేగానీ మానకండి. నీళ్ళలో చేస్తే ఇంకా తేలిక. నడుందాకా నీళ్ళలో నిలబడితే మీ బరువులో సగం నీళ్ళే మోస్తాయి" అని చెప్పింది.

తినిపించినవాళ్ళు మోయని తన బరువుని నీళ్ళు మోస్తాయన్న మాట లవర్న్‌కి నచ్చింది. చిక్కల్లా స్విమ్ సూట్ దగ్గర వచ్చింది. సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషే అయినా, ఆ చల్లటి నీళ్ళలో చీలమండలు దాటి ఎప్పుడూ దిగలేదు. కొట్లో ఆవిడ కొలతకి రెండే ఉన్నాయి. ఒకటి నల్లది. రెండోదాని మీద పెద్ద పెద్ద అనాసపళ్ళు. నల్లది వేసుకుని అద్దంలో చూసుకుంటే ఎవరి అంత్యక్రియలకో వెళ్తున్నట్టుంది. అనాసపళ్ళదే కొంది.

స్విమ్మింగ్ పూల్ గ్రీన్‌బేలో ఉంది. తనని ఎవరూ ఎరగని ఊరు కదా అని ధైర్యం. తువ్వాలు భుజాల నిండా కప్పుకుని గట్టుదాకా వెళ్ళి, దాన్ని అక్కడ వదిలేసి, తల వంచుకుని మెట్లు దిగి, నీళ్ళు నడుందాకా వచ్చాక తలెత్తి చూసింది. ఎదురుగా ఎల్రాయ్ స్టోడోలా. నెత్తి మీద రబ్బరు టోపీ. ఆయన పక్కన క్యాబేజీ ఆకు పెద్దమనిషి. ఆ వెనకాల గోడ పట్టుకుని చెర్రీ రసం ఆవిడ.

చెర్రీ రసం ఆవిడ గడ్డందాకా నీళ్ళలోకి దిగిపోయింది.

"మీకూ మోకాళ్ళేనా?" అంది లవర్న్.

"రెండూనండీ" అన్నాడు ఎల్రాయ్ నీళ్ళలోకి చూస్తూ.

"మరి క్యాబేజీ ఆకు?" అని పెద్దమనిషిని అడిగింది.

"మా ఆవిడ పులుసులో వేసేసిందమ్మా" అన్నాడాయన.

ఊళ్ళో ఎవరికీ తెలియకూడదనే వాళ్ళూ అంతదూరం వస్తున్నారు. ఇక్కడ చూసినవాళ్ళని అక్కడ చూడనట్టే ఉండాలని అప్పటికప్పుడు ఒడంబడిక కుదిరింది. ఒకే దారికి రెండు బళ్ళ పెట్రోలు దండగెందుకని ఎల్రాయ్ తన బండిలోనే లవర్న్‌ని తీసుకెళ్ళి తీసుకొస్తానన్నాడు.

నేర్పే అమ్మాయి టమారా దబదబమనే పాటలు పెట్టి చేతులు పైకి, కిందకి అనేది. ఆ మోతకి లవర్న్ కాళ్ళు కదిలేవి కావు. రెండు వారాలు ఓర్చుకుని, "అమ్మాయ్, పోల్కా ఏదన్నా ఉంటే పెట్టవూ?" అని అడిగింది. టమారా ఫోనులో వెతికి ఒకటి పెట్టింది. లవర్న్ కుడికాలు దానంతటదే లేచింది. నేల మీదైతే ప్రాణం పోయే ఆ చిన్న గెంతు, నీళ్ళలో దూదిలా జరిగిపోయింది. ఇంకోటి గెంతింది. చెయ్యి చాపితే ఎల్రాయ్ చెయ్యి దొరికింది. ఇద్దరూ చుట్టూ తిరిగేసరికి అలలు లేచి చెర్రీ రసం ఆవిడ ముక్కులోకి నీళ్ళు పోయాయి. ఆవిడ దగ్గుతూనే, "నన్నూ తిప్పండి!" అంది. ఎల్రాయ్ మాత్రం చెయ్యి పట్టుకున్నంతసేపూ "గారూ" అనడం మానలేదు. "లవర్న్‌గారూ, ఎడమకి తిరుగుతారా, కుడికా?" అని ప్రతి చుట్టుకీ అడిగేవాడు.

హాల్లో ఆదివారాలు మటుకు కష్టంగానే ఉన్నాయి. ఇప్పుడు లవర్న్ తనే వెళ్ళి, తనకి నచ్చిన కొలాచీ ఒకటి తీసుకుని వచ్చి తింటోంది. పళ్ళేలు తెచ్చినవాళ్ళకి వద్దని చెప్తోంది. తిన్నప్పుడు జాలిపడ్డవాళ్ళు ఇప్పుడు నొచ్చుకున్నారు. మనిషికి గర్వం వచ్చిందన్నారు. రోజెల్లా మొహం ముడుచుకుని, "నా చేతివంట వెగటైందా వదినా?" అంది.

"నువ్వు తెచ్చినవన్నీ తింటే, ఎన్ని తిన్నానో లెక్కపెట్టే శ్రమ నీకేగా రోజెల్లా! ఇంకా ఎన్నాళ్ళని కష్టపెట్టను?" అంది లవర్న్.

రోజెల్లా చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

జాలి పోయాక ఊరికి వేరే పని కావాలి కదా. మళ్ళీ మంచు పడే రోజులొచ్చేసరికి, లవర్న్, ఎల్రాయ్ వారానికి మూడు పొద్దులు ఒకే బండిలో వెళ్తున్నారనీ, వచ్చేటప్పుడు ఇద్దరి తలలూ తడిగా ఉంటున్నాయనీ ఎవరో చూశారు. చూసినవాళ్ళు ఊరుకోరు. ఆ మాట నార్బర్ట్ చెవిలో వేసింది ఫెర్న్, పోల్కా మధ్యలోనే. మొదటిసారి నార్బర్ట్ అడుగు తప్పింది.

"వ్యాయామం" అని పెళ్ళాం పొద్దున్నే వెళ్తుంటే, ఎక్కడికని ఆయన ఒక్కరోజూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు మటుకు వెనకాలే బండి వేసుకుని గ్రీన్‌బే దాకా వెళ్ళాడు. మంచు బూట్లతో, వేట టోపీతో పూల్ గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా, అనాసపళ్ళ మధ్య నుంచి పెళ్ళాం మొహం వెలిగిపోతోంది. మాంసం కొట్టు వాడి చెయ్యి పట్టుకుని గిరగిరా తిరుగుతోంది.

"సార్! బూట్లు విప్పండి!" అని అరిచింది టమారా.

"ఏంటే ఇది?" అన్నాడు నార్బర్ట్.

"వ్యాయామం" అంది లవర్న్ ఆగకుండానే.

"ఈయనతోనా?"

ఎల్రాయ్ టోపీ సర్దుకున్నాడు. "నార్బర్ట్, నావి రెండు మోకాళ్ళూ పోయాయయ్యా. నిజం చెప్పాలంటే ఆవిడే నన్ను నిలబెడుతున్నారు. నా కొట్లో ఈ సంగతి చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు మనిద్దరి వంతూ ఆడుతుంటివిగా. పనిలో ఉన్న మనిషిని పిలవడమెందుకనుకున్నా" అంది లవర్న్. "దిగుతావా మరి?"

నార్బర్ట్ నీళ్ళ వైపు చూశాడు. పెళ్ళయిన కొత్తల్లోనే లవర్న్‌కి తెలిసి, మరెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆయనకి నీళ్ళంటే గుండెదడ. "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా" అని గొణిగి, బూట్లు విప్పి, బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో తువ్వాళ్ళు తెచ్చి ఆయన ఒళ్ళో పడేశారు. పెళ్ళాం ఇంకొకరితో ఆడుతుంటే గోడవార కూర్చుని చూడడం ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది. తిరిగొచ్చేటప్పుడు లవర్న్ ఆయన బండే ఎక్కింది. దారి పొడుగునా నార్బర్ట్ ఫెర్న్ పేరెత్తలేదు.

ఆ ఏడాది చివర్లో డాక్టరు తూకం చూసి మురిసిపోయాడు. పెద్దగా తగ్గిందేమీ లేదు, తగ్గింది పండగకి కొనే ఒక టర్కీ కోడి అంత బరువే. మోకాలు ఇప్పటికీ మెట్ల దగ్గర కసురుకుంటుంది, చలిరోజుల్లో పొద్దున్నే మొండికేస్తుంది. కానీ కర్ర ఇంట్లో ఎక్కడ పెట్టిందో లవర్న్ వెతుక్కోవలసి వస్తోంది. "చూశారా, నేను చెప్పిన నడక ఎంత పని చేసిందో!" అన్నాడు డాక్టరు. లవర్న్ కాదనలేదు. అంత సంతోషంలో ఉన్న మనిషిని చెడగొట్టడమెందుకని కోటు తొడుక్కుని వచ్చేసింది.

ఆ రోజు నుంచీ వెంట వస్తూ తువ్వాళ్ళకి కాపలా కూర్చునే నార్బర్ట్, ఫిబ్రవరిలో ఒక పొద్దున వాటి పక్కన కూర్చోలేదు. పొట్టి లాగు వేసుకుని, కొంగ కాళ్ళలాంటి తెల్లటి కాళ్ళతో పూల్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. నీళ్ళు మోకాలు తాకగానే ఆగిపోయాడు.

"ఇంకా లోతుందా?" అన్నాడు.

లవర్న్ ఆయన దగ్గరికి నడిచి వచ్చింది. నవ్వుదామనుకుంది గానీ ఆయన పిడికిళ్ళు చూసి నవ్వలేదు. "నడుందాకానే. ఇవాళ ఇక్కడే నిలబడు. రేపు చూద్దాం" అని ఆయన మోచెయ్యి మీద తడిచెయ్యి వేసింది.

అవతల పాట మొదలైంది. చెర్రీ రసం ఆవిడ, "లవర్న్, రావమ్మా, నాకు జోడీ లేదు!" అని కేకేసింది. లవర్న్ వెళ్ళింది. నార్బర్ట్ పాట అయ్యేదాకా అక్కడే ఉన్నాడు, కడ్డీ వదల్లేదు, మెట్టెక్కి పారిపోనూ లేదు.