గుసగుసలత్త ఏకాంత ప్రార్థన

రోజూ పొద్దున్నే, కుళాయిలో నీళ్ళు రాకముందే, మా పక్కింటి అత్త తలుపు గడియ వేసుకునేది. కిటికీ రెక్కలు కూడా దగ్గరికి లాగేది. తలమీద తెల్లగుడ్డ కప్పుకుని, మడతపెట్టిన గోనె సంచి మీద మోకాళ్ళూని, ప్రభువుతో రహస్యంగా మాట్లాడుకునేది. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి పోయి తలుపు వేసుకోమని ఆయన చెప్పాడు కదా, ఆ మాటని పొల్లుపోకుండా పాటించేది. ఒక్క గొంతు విషయంలోనే కాస్త తేడా వచ్చింది. ఆమె గుసగుస ఈ చివర మా ఇంటి నుంచి ఆ చివర కుళాయి దాకా వినిపించేది.

తప్పు ఆమెది కాదు. వయసంతా నేత మిల్లులో, మగ్గాల మధ్యనే గడిచింది. ఆ షెడ్డులో పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. చివరికి మిల్లు ఆమె చెవులు రెండూ తన దగ్గర ఉంచుకుని మనిషిని ఇంటికి పంపేసింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెబితే ఏదో కొంచెం అందేది, అంతే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ధాన్యం గోడౌను వాళ్ళ చిరిగిన సంచులు తెచ్చుకుని, దబ్బనంతో, పురికొసతో కుట్టి ఇచ్చి బతికేది. తన గొంతు ఎంతదో ఆమెకి తెలియదు. మిల్లు మనుషులం వరసగా ఉండే మా లైను ఇళ్ళన్నిటికీ తెలుసు. అందుకే గుసగుసలత్త అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె మురిసిపోయేది. "భక్తి ఉన్న మనిషి గొంతు గడప దాటకూడదమ్మాయ్" అని వీధి చివరి దాకా వినపడేలా నాకు బుద్ధి చెప్పేది.

మరి ఎవరూ ఆమెకి చెప్పలేదా అంటే, మొదట్లో మొహమాటం. తర్వాత లాభం.

మా లైనులో ఎవరి బాధ వాళ్ళు బయటికి చెప్పుకోరు, చెబితే చులకన. అత్త మాత్రం సంచుల మూట నెత్తిన పెట్టుకుని గుమ్మాలు దాటుకుంటూ పోతూ అన్నీ చూసేది. మర్నాడు పొద్దున దేవుడికి అప్పజెప్పేది. "ప్రభువా, ఆ మూలింటి తాతకి ఇల్లు కారుతోంది. మంచం ఉండగా మంచం కింద పడుకుంటున్నాడు. నాకా నిచ్చెనెక్కే కాళ్ళు లేవు. నువ్వే ఎవరినో ఒకరిని ఎక్కించు." సాయంత్రానికి వడ్రంగి ఆ కప్పు మీద ఉండేవాడు.

"చూశావటే! మనుషులకి చెబితే నెల పడుతుంది. ఆయనకి చెబితే పొద్దుగూకే లోపల!" అని నా దగ్గర సంబరపడేది. నేను అవునత్తా అని తలూపేదాన్ని. అది అబద్ధమేమీ కాదని ఇప్పటికీ నా నమ్మకం.

మా లైనులో నోరున్న మనిషి ఫిట్టరు. మిల్లులో యూనియన్ పెద్ద. అత్త మోకరించే వేళకి అతను కుళాయి పక్కన గోడకి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవాడు. "ప్రభువా, ఆ ఫిట్టరు మంచివాడే. నోరే మంచిది కాదు" అని వినపడగానే కుళాయి దగ్గరి ఆడవాళ్ళు బిందెల్లో తలలు పెట్టి నవ్వేవాళ్ళు.

"అందరికీ దేవుడు పైన ఉంటాడు, నాకు పక్కింట్లో ఉన్నాడు" అని గొణిగేవాడు ఫిట్టరు. గొణుగుతూనే, బ్లేడు ఆపి మరీ వినేవాడు.

పాస్టరుగారు మందిరం దగ్గరే ఉండేవారు కాబట్టి ఆయనకి ఈ సంగతి తెలియదు. ఒక ఆదివారం కొత్త మైకు బిగించి, ఏకాంత ప్రార్థన శక్తి గురించి ప్రసంగించారు. "మూసిన తలుపుల వెనక, ఎవరికీ తెలియకుండా ప్రార్థించే ఒక తల్లి మన మధ్య ఉంది" అని అత్త వైపు చెయ్యి చూపించారు. మా లైను వాళ్ళమంతా తలలు వంచుకున్నాం. భక్తితో కాదు, నవ్వు దాచుకోడానికి. ఆ మైకు మాట వెనక బెంచీ దాకా కూడా సరిగ్గా చేరలేదు.

అలాంటి రోజుల్లో సమ్మె వచ్చింది. యజమాని కూలి తగ్గించాడు, మిల్లు మూతపడింది. మొదట్లో అందరిదీ ఒకటే మాట. పొయ్యిలు చల్లారాక కొందరు మొహానికి గుడ్డ కట్టుకుని వెనక గేటు నుంచి పనిలోకి పోవడం మొదలుపెట్టారు. దాంతో లైను నిలువునా చీలింది. కుళాయి దగ్గర రెండు వరసలయ్యాయి. నిన్నటిదాకా వదినా అని పిలిచిన మనిషే, బిందె తగిలితే "కళ్ళు నెత్తికెక్కాయా" అనేది. వెనక గేటు నుంచి వస్తుంటే, మిల్లు బాయిలరు చూసే బాయిలరాయన చెయ్యి ఎవరో విరగ్గొట్టారు. కొట్టింది ఎవరో అందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అత్త ప్రార్థన ఒక్కటే చీలకుండా మిగిలింది. "ప్రభువా, ఇటువైపు పొయ్యిలు వెలగడం లేదు. అటువైపు వెలుగుతున్నాయి గాని ముద్ద గొంతు దిగడం లేదు. బాయిలరాయనకి భార్య అన్నం కలిపి పెడుతూ మొహం పక్కకి తిప్పుకుని ఏడుస్తోంది. ఎవరి తప్పో నాకు తెలియదు, నీకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నావు కాబట్టి నేనూ ఊరుకుంటున్నాను." వద్దనుకున్నా వినాల్సిందే, మా గోడలు పల్చన. ఆ మధ్యాహ్నం బాయిలరాయన గుమ్మంలో మూతపెట్టిన గిన్నె ఒకటి కనిపించింది. అడుగున ఉన్న సొట్టని బట్టి అది సమ్మె వైపు ఇంటిదని లైనంతా పోల్చుకోగలదు. ఆయన భార్య గిన్నె తోమి, ఎవరూ లేనప్పుడు ఆ ఇంటి గుమ్మంలో బోర్లించి వచ్చింది.

ఇక కొత్తల్లుడి సంగతి. ఫిట్టరు చెల్లెల్ని చేసుకుని మా లైనుకి వచ్చిన మనిషి, అందరికీ కొత్తల్లుడే. సమ్మెకి ముందు నైట్ షిఫ్టు. సమ్మె వచ్చాక గోడౌను దగ్గర లారీల బస్తాలు దింపడానికి చీకటి ఉండగానే పోయేవాడు. అత్త ప్రార్థన వేళకి ఎప్పుడూ ఇంట్లో లేడు. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి ప్రార్థనలోనైనా గుసగుసలాడుతుంది కాబోలు, అందుకే ఆ పేరు అనుకున్నాడు. భార్య చెప్పలేదా అంటే, మా లైనులో గాలి వీస్తోందని ఎవరు ఎవరికి చెబుతారు?

లారీలు కూడా తగ్గిపోయాయి. భార్యకి నెలలు నిండాయి. ఒకనాడు అత్త కుట్టిన సంచులు అప్పగించడానికి గోడౌనుకి పోతే, అతను పక్కకి పిలిచి ఎడమ చెవిలో చెప్పుకున్నాడు. ఈ మాటలన్నీ తర్వాత అతనే మాకు చెప్పాడు.

"అత్తా, సోమవారం నుంచి నేనూ వెనక గేటు దారి పడుతున్నా. ఇంట్లో గింజ లేదు. బావకి తెలిస్తే కాళ్ళు విరగ్గొడతాడు. ఆయన ఊరుకున్నా ఆయన మనుషులు ఊరుకోరు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నువ్వెవరికీ చెప్పకు, ప్రార్థన చెయ్యి చాలు."

"నా నోటి నుంచి ఒక్క మాట దాటదు నాయనా. ఆయనకొక్కడికే చెబుతా" అంది అత్త.

అతని ప్రాణం కుదుటపడింది.

మర్నాడు పొద్దున గడియ చప్పుడు వినపడింది. కిటికీ మూసుకుంది. అప్పుడే కుళాయిలో నీళ్ళొచ్చాయి. ఫిట్టరు చెల్లెలు బిందె పెట్టి నడుం పట్టుకుని నిలబడి ఉంది. ఫిట్టరు ఒక చెంప గీసుకోవడం పూర్తిచేశాడు.

"ప్రభువా, ఇవాళ నీకొక రహస్యం తెచ్చాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నువ్వూ ఎవరికీ చెప్పకు."

గరిట తీసుకుని గోడ మీద బాదాను. తలుపు మీద బాదాను. ఎవరికి వినపడాలి? గడియ గట్టిది, ప్రభువు మాట ప్రకారం వేసింది.

"మన కొత్తల్లుడు సోమవారం వెనక గేటుకి పోతాడట. పాపం, ఇంట్లో ఏమీ లేదు. వాళ్ళ బావకి తెలిస్తే కాళ్ళు విరగ్గొడతాడని హడలిపోతున్నాడు."

చెల్లెలు గోడకి ఆనుకుంది. బిందె నిండి పొర్లిపోతోంది, కుళాయి కట్టేవాళ్ళు లేరు. ఫిట్టరు మనుషులు ఇద్దరు అతని మొహం వంక చూశారు. అతను అద్దం వంక చూస్తున్నాడు.

"ఆ ఫిట్టరు సంగతి నీకు కొత్తగా చెప్పాలా? తల్లి షిఫ్టుకి పోతే ఈ చెల్లెల్ని చంకనేసుకుని లైనంతా తిప్పినవాడు. ముద్ద దొరికితే దానికి పెట్టి, గిన్నె తను నాకినవాడు. ఆ పిల్లాడు ఇంకా వాడి లోపలే ఉన్నాడు. నలుగురు చూస్తుంటే బయటికి రావడానికి సిగ్గు, అంతే. ఆ సిగ్గు తీసెయ్యి తండ్రీ. మెల్లగా చెప్పాను, నీకు వినపడిందనుకుంటా. ఆమేన్."

"ఏం చేద్దామన్నా?" అన్నాడు అతని మనుషుల్లో ఒకడు.

ఫిట్టరు బ్లేడు గట్టు మీద పెట్టి, ఒక చెంప మీద సబ్బు నురగతోనే గోడౌను దారి పట్టాడు. చెల్లెలు వెంట పరిగెత్తబోతే నేను పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టాను. ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. అత్త మాత్రం తలుపు తీసి, అందరి వంకా చల్లగా నవ్వి, సంచులు ముందేసుకుని దబ్బనంలో పురికొస ఎక్కించుకుంటోంది.

గోడౌను దగ్గర బావని చూడగానే కొత్తల్లుడు బస్తా పడేసి పరుగు లంకించుకున్నాడు.

"ఆగు బావా! పరిగెత్తకు! రాత్రి నుంచి నేనూ ఏమీ తినలేదు, నా వల్ల కాదు" అని అరిచాడు ఫిట్టరు.

ఇద్దరూ ఆయాసపడుతూ బస్తాల మీద కూలబడ్డారు. నురగ తుడుచుకుని ఫిట్టరు అన్నాడట, "వెనక గేటు మాట మర్చిపో. ఇవాళ్టి నుంచి రెండిళ్ళకీ ఒకటే పొయ్యి. ఉంటే తిందాం, లేకపోతే కలిసే పస్తుందాం."

"నీకెవరు చెప్పారు బావా?"

మందిరం గడప ఎన్నడూ తొక్కని ఫిట్టరు కాసేపు ఆలోచించాడు. ముసలమ్మని ఇరికించడం ఇష్టంలేక, "దేవుడు" అన్నాడు.

కొత్తల్లుడు లెక్క వేసుకున్నాడు. తను అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్త దేవుడికి తప్ప ఎవరికీ చెప్పదు. ఆ ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు అది తన మైకు మహిమ అనుకున్నారు.

తర్వాత ఒకరోజు ఫిట్టరు బాయిలరాయన గుమ్మం ముందు నిలబడి, దగ్గి, "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాడు. అతని నోటికి అంతకంటే పెద్ద క్షమాపణ రాదు. "నొప్పి తగ్గింది" అన్నాడు ఆయన. కుళాయి దగ్గర రెండు వరసలు ఎప్పుడు ఒకటయ్యాయో ఎవరూ గమనించలేదు. సమ్మె ముగిసింది. యజమానికీ తృప్తి లేదు, మాకూ లేదు. అంటే న్యాయంగానే కుదిరిందన్నమాట. కొత్తల్లుడు మళ్ళీ నైట్ షిఫ్టులో చేరాడు. ఆడపిల్ల పుట్టింది.

అంతా చక్కబడిందనుకుంటుండగా సంఘం వాళ్ళకి అత్త మీద జాలి కలిగింది. చెవికి మిషన్ కొనిస్తామని మందిరంలో చెప్పారు. మా లైనంతా ఆ వార్తకి బెంబేలెత్తిపోయాం. ఫిట్టరే అందరినీ వెంటేసుకుని పాస్టరుగారి దగ్గరికి పోయాడు.

"అయ్యగారూ, ఆ డబ్బులతో ఇంకో మైకు కొనుక్కోండి."

"ఆ తల్లికి వినపడితే మీకేమిటయ్యా నష్టం?" అన్నారాయన, నొచ్చుకుని. మా నష్టమేమిటో బయటపెట్టలేక, వందనాలు చెప్పి వెనక్కి వచ్చేశాం.

మిషన్ వచ్చింది. మర్నాడు గడియ పడింది. "ప్రభువా!" అన్న కేక వినపడింది. అక్కడితో ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. బిందెలతో, బ్రష్షులతో, చంకలో పిల్లలతో లైనంతా తన తలుపు వైపే తిరిగి ఉన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

చివరికి ఫిట్టరే, "నాకు గడ్డం వచ్చినప్పటి నుంచి అత్తా" అన్నాడు.

ఆ తర్వాత ఆ గదిలోంచి చప్పుడు రాలేదు. లోపల మోకరించేది, లేచేది, అంతే. మూలింటి తాత జ్వరంతో పడుకుంటే మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. కుళాయి దగ్గర మళ్ళీ మాటలు పెరిగాయి. అత్త అన్నం ముట్టడం మానేసింది.

"మాట తప్పానే. ఆ పిల్లాడి కాళ్ళు తీసుకెళ్ళి నా నోటితోనే వీధిలో పెట్టాను. పోయి చెప్పేస్తాను" అంది నాతో.

"వద్దత్తా. దేవుడే చెప్పాడని నమ్మి మందిరానికి వస్తున్నాడు. చెబితే ఆ నమ్మకం పోతుంది."

"నా తప్పు కప్పిపుచ్చితే నిలిచే నమ్మకం, రేపు ఎవరో ఒకరు నోరు జారితే పోదా? పోయేదేదో నా చేతుల మీదుగానే పోనీ."

నేనూ వెంట వెళ్ళాను, భయపడుతూ. ఆ వారమే పగటి షిఫ్టుకి మారిన కొత్తల్లుడు గుమ్మంలో కూర్చుని పిల్లని కాళ్ళ మీద వేసుకుని ఊపుతున్నాడు. అత్త ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. మిషన్ ఉన్నా పాత అలవాటు కాబట్టి లైనంతా విన్నది. అతను ఊపడం ఆపాడు.

"అంటే మా బావ ఇదంతా విన్నాడా?"

"విన్నాడు నాయనా."

"విన్నాకేనా గోడౌనుకి వచ్చింది? కొట్టకుండా?"

"అవును."

పిల్ల మొహం వంక చూస్తూ మళ్ళీ మెల్లగా ఊపడం మొదలుపెట్టాడు. తర్వాత నవ్వాడు. "దేవుడు మా బావకి చెప్పాడంటే నమ్మాను అత్తా. ఆయన ఎవరికైనా చెప్పగలడు. కాని మా బావ విన్నాడంటున్నావు చూడు, అది ఇంకా పెద్ద అద్భుతం."

అద్దం దగ్గర్నుంచి ఫిట్టరు దగ్గు వినపడింది.

అత్త కళ్ళు తుడుచుకుని, చెవికున్న మిషన్ మీద చెయ్యి వేసింది.

"అయితే నాకొక సాయం చేసిపెట్టు నాయనా. పొద్దున ఆ కాసేపు దీన్ని నీ దగ్గర ఉంచుకో. ఇది చెవిలో ఉంటే నా గొంతు నాకే వినపడుతోంది. బాగా చెబుతున్నానా లేదా అని చూసుకుంటూ, ఎవరితో మాట్లాడుతున్నానో మర్చిపోతున్నాను."

"తీసేస్తే లైనంతా వింటారు కదత్తా?"

"విననీ. నేను వినకుండా ఉంటే చాలు. రహస్యం చెప్పుకోడానికి నా దగ్గరికి ఎవరొచ్చినా, నా గొంతు సంగతి ముందు వాళ్ళ చెవిన వెయ్యి." మిషన్ ఊడదీసి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఆమేన్ అనగానే తెచ్చివ్వు. నీకు వినపడుతుందిలే."