మగ్గం గుంతలో కుందేలు

మా పెద్దనాయన పోయినాడన్న కబురు పొద్దుటి ప్యాసింజరులో పెనుకొండకు వచ్చింది. ధర్మవరంలో ఆయన వీధిలోనే ఉండే మనిషి ఒకాయన మా బడి గేటు దగ్గర నిలబడి, నేను పాఠం ముగించి బయటికి వచ్చేదాకా ఆగి, "రాత్రి పండుకొన్నాయన తెల్లారి లేయలేదమ్మా" అన్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను సెలవు అడిగి తర్వాతి బండికి ధర్మవరం బయలుదేరాను.

పేపర్లో పేరు పడేంత మనిషి కాదు మా పెద్దనాయన. పట్టు చీరలు నేసేవాడు. నలుగురిలో కూర్చుంటే ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు. ఆయన గురించి రాయాలని కూర్చుంటే నాకు ముందుగా గుర్తొస్తున్నది చీరలు కాదు, ఒక ముసలి కుందేలు. చదివేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆయన కూడా నవ్వేవాడే.

కుందేలు మా పెద్దమ్మది. వాళ్లకు పిల్లలు లేరు. పక్కింట్లో ఉండే రైలు గార్డు ఒకసారి బెంగుళూరు నుంచి తెల్లని కుందేలు పిల్లను గంపలో తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ దాన్ని "అమ్మీ" అని పిలిచేది. పెద్దనాయన దాని వంక చూసేవాడే కాదు. పైగా మగ్గం ఉన్న గదిలోకి వస్తే కసిరేవాడు. పట్టు మీద ఒక్క వెంట్రుక పడినా చీర చెడుతుందని ఆయన భయం. అరవై రాకముందే పెద్దమ్మ జ్వరంతో పోయింది. కర్మాంతరం అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే.

ఆ రోజుల్లోనే హిందూపురం నుంచి మా నాయన వెళ్లి ఆయన్ను పిలిచాడు. మాకు బట్టల అంగడి ఉండేది. ఇల్లూ అంగడీ ఒకటే.

"ఒక్కడివే ఈడేం చేస్తావన్నా? మాతో వచ్చెయ్."

"అమ్మీ ఉండాది కదరా."

"దాన్ని ఎవురికన్నా ఇచ్చెయ్. వొళ్లంతా పొట్టు రాలుతాంది, బట్టల మూటల మధ్య దాన్నెట్ల పెట్టుకొనేది?"

"ఎవురికియ్యల్లరా?" అన్నాడట పెద్దనాయన. మా నాయన తిరుగు బండికి వచ్చేశాడు.

పొట్టు రాలడం నిజమే. కుందేలు ముసలిదైంది. ఆ ఏటి ఎండలకు దాని వీపు మీద చర్మం ఎండిపోయి, తెల్లటి పొరలుగా లేచి, కూర్చున్న చోటల్లా రాలేది. గోక్కుని గోక్కుని మెడ దగ్గర వెంట్రుకలు ఊడిపోయాయి. పెద్దనాయన దాన్ని గంపలో పెట్టుకుని పెనుకొండకు వచ్చాడు. నేను అక్కడ టీచరుగా చేరి, ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉంటున్నాను. గంప మీద కప్పిన పంచె తీశాను. కుందేలు వెంట్రుకలు ముళ్లలాగా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఏమైంది పెద్దనాయనా దీనికి?"

"ఈడ పశువుల డాక్టరు ఉండాడంట గదమ్మా. చూపిద్దాం పా" అన్నాడే గాని ఏమైందో చెప్పలేదు.

డాక్టరు ముందు మాత్రం చెప్పక తప్పలేదు. నూలు పడుగు పోగులు ఎండి పెళుసై తెగిపోతుంటే నేతపనివాళ్లు గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. పోగు నున్నగా, గట్టిగా అవుతుంది. చిన్నప్పుడు నూలు నేసిన పెద్దనాయన కుందేలుకూ అదే చేశాడు. పల్చగా గంజి కాచి, చల్లార్చి, వీపంతా పట్టించి కుంచెతో దువ్వాడు. గంజి ఆరి వెంట్రుకలు అట్టకట్టాయి. ఆ వాసనకు చీమలు పట్టాయి.

"ఏమప్పా, గంజి పెట్టేదానికి ఇదేమన్నా చీరనా?" అన్నాడు డాక్టరు.

"పుట్టినప్పట్నుంచి నాకు తెలిసింది అదొక్కటే సార్. ఎండిన దానికి గంజి పెడితే బాగవుతాదనుకొంటి" అన్నాడు పెద్దనాయన, తలొంచుకుని.

డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ పెద్దనాయన చేతులు గంప అంచును వదల్లేదు. "బతుకుతాదా సార్?" అని అడిగాడు. ఆ గొంతు విన్నాక ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది.

డాక్టరు మంచివాడు. వెంట్రుకలు పాయలు పాయలుగా తీసి పురుగు ఉందేమోనని చూశాడు. లేదన్నాడు. వయసు మళ్లి, వెనక్కి తిరిగి వొళ్లు నాకి శుభ్రం చేసుకోలేకపోతోందని, ఎండకు చర్మం పొడిబారిందని చెప్పాడు. నీళ్లలో ముంచి స్నానం చేయించొద్దు, బెదిరి చస్తుంది. తడిగుడ్డతో మెల్లగా అద్ది గంజి వదిలించు, మెత్తని కుంచెతో వెంట్రుక వాలు వెంబడి దువ్వు, పుండ్లు పడిన చోట కొబ్బరినూనె వేలికి అంటీ అంటనట్టు రాయి, పచ్చిగరిక ఎక్కువ పెట్టు, చల్లని చోట ఉంచు. పెద్దనాయన ప్రతి మాటకూ తలూపాడు.

చల్లని చోటు ఎక్కడో ఆయనకు ఆలోచించే పని లేకపోయింది. మగ్గం ముందు కాళ్లు పెట్టుకునే గుంత ఉంటుంది. పోగులు ఎండకుండా అందులో నీళ్లు చల్లుతారు. ఎండాకాలంలో ఆ ఇంట్లో చల్లగా ఉండేది అదొక్కటే. ఆ గుంతలో ఒక మూలన గోనెపట్ట తడిపి, పిండి, మడిచి వేసి, పక్కనే ఎండిన వేరుశనగ తీగలు, మా చెనిక్కాయ కట్టె, పొడిగా పరిచి, కుందేలును అక్కడ పెట్టాడు. వెంట్రుక ఎగిరి పట్టు మీద పడకుండా నేసినంత మేరా పెద్దమ్మ పాత చీర కప్పాడు. ఒకప్పుడు మగ్గం గదిలోకి రానివ్వని జీవాన్ని కాళ్ల దగ్గరే పెట్టుకుని నేశాడు.

సెలవులకు వెళ్లినప్పుడు నేను చూశాను. తడిగుడ్డ పిండి, ముందు తన ముంజేతి మీద పెట్టుకునేవాడు. "మనకు జిల్లుమంటే దానికీ జిల్లుమంటాదమ్మా" అనేవాడు. తర్వాతే దాని వీపు మీద వేసేవాడు. నూనె రెండు అరచేతులకూ రాసుకుని, తుడిచేసుకుని, మిగిలిన జిడ్డుతోనే నిమిరేవాడు. తెగిన పోగు అతికే వేళ్లు కదా, ఎక్కడా ఒత్తిడి ఉండేది కాదు. కుందేలు కళ్లు మూసుకుని చెవులు వాల్చేసేది. మెల్లగా పొట్టు రాలడం తగ్గింది. మెడ మీద నూగు మళ్లీ వచ్చింది. ఆ నూగు మీద నా చెయ్యి పెట్టించి, "చూడు, ఎంత మెత్తగుండాదో" అన్నాడు. పెద్దమ్మ పోయాక ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూసింది అప్పుడే.

"హిందూపురం పోకూడదా పెద్దనాయనా, ఒక్కడివే ఎందుకు?" అని నేనూ ఒకసారి అడిగాను.

"ఇంట్లో ఊపిరి తీసేది ఇంకొకటుంటే చాలమ్మా" అన్నాడు.

డాక్టరుకు చూపించడానికి గంపతో పెనుకొండ వచ్చినప్పుడల్లా నా గదిలో అన్నం తిని పోయేవాడు. కుందేలు బాగుపడ్డాక రావడం మానేశాడు. ఆదివారాలు నా గది బోసిగా ఉండేది. ఆయన చెప్పిన ఊపిరి మాట అప్పుడు నాకు బాగా అర్థమైంది.

కుందేలు ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. పోయిన ఏడాది వానలకు ముందు, నిద్రలోనే పోయింది. పెరట్లో పూడ్చానని పెద్దనాయన ఎవరితోనో చెప్పి పంపాడు. అప్పటికే చూపు మందగించి నేత మానేశాడు. మా నాయన మళ్లీ పిలిచాడు. ఇప్పుడు కాదనడానికి కారణం లేదు కదా అనుకున్నాం. అయినా ఆయన రాలేదు.

మగవాళ్లు ఆయన్ను తీసుకుని శ్మశానానికి వెళ్లాక, నేను మగ్గం గదిలోకి వెళ్లాను. మగ్గం మీద పోగు లేదు. పక్కన చెక్క పలక మీద పెద్దమ్మ పాత చీర మడత పెట్టి ఉంది. గుంతలోకి కాళ్లు వేసి, ఆయన కూర్చునే చోట కూర్చున్నాను. కాలికి గోనెపట్ట తగిలింది, ఆ మూలనే, అదే మడతలో. పైన ఎండిపోయి ఉంది. వంగి మడత లోపల చెయ్యి పెట్టాను.

తడిగా ఉంది.

నేయడానికి పోగు లేదు, పడుకోవడానికి కుందేలు లేదు. ముందురోజు సాయంత్రం కూడా ఆయన దాన్ని తడిపి, పిండి, మడిచి అక్కడే వేశాడు. నేను ఆ మడతలో చెయ్యి అట్లాగే ఉంచుకుని, బయట మగవాళ్ల అలికిడి వినపడేదాకా కూర్చున్నాను.