బెట్టింగ్ కంపెనీ పేరు మోసిన ఉత్తరాలు

బ్యారుహంగాకి ఆ వేళ కూడా మంచం దిగబుద్ధి కాలేదు. ఉగాండాలోని ఎంబరారాలో ఒక నర్సింగు స్కూలు మెయిల్ సర్వరు చూసుకోవడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే నడుంనొప్పి. ఉత్తరాలు వెళ్ళినన్నాళ్ళూ ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగాయా, ఇక దారినపోయేవాడు కూడా నిలదీస్తాడు.

పది రోజుల క్రితం స్కూలుకి కొత్త ఇంటర్నెట్ లైను వచ్చింది. దాంతోపాటు సర్వరుకి కొత్త నంబరూ, అంటే నెట్‌లో దాని చిరునామా, వచ్చింది. ఉత్తరం అందుకునే సర్వర్లు ఊరుకోవు కదా, ఆ నంబరు ఎవరిదని వెనక్కి ఆరా తీస్తాయి. బ్యారుహంగా కూడా అలాగే వెతికి చూస్తే, స్కూలు పేరు రావలసిన చోట ఓ బెట్టింగ్ కంపెనీ పేరు వచ్చింది. అంతకుముందు ఆ నంబరు వాళ్ళదట! ఇంకేం, నర్సుల బడి ఉత్తరాలను జూదగాళ్ళవనుకుని ఎక్కడికక్కడ తిప్పికొడుతున్నారు.

రోజూ పొద్దున్నే కెంబాబాజీ వచ్చి గుమ్మంలో నిలబడేది. కాన్పులు చేసే నర్సుగా కొత్తగా పాసైన పిల్ల. ఎక్కడో దూరాన గులూ ఊళ్ళో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. ఈ అమ్మాయి మా దగ్గరే చదివిందని స్కూలు నుంచి మెయిలు అందితే చాలు.

"వెళ్ళిందా, ముజే?" పెద్దవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు.

"ఇవాళ వెళ్తుందమ్మా."

"నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట."

ఆయన తల తిప్పుకునేవాడు. వెళ్ళలేదని ఒప్పుకోవడానికి నామోషీ.

పేరు మార్చగలిగింది నంబరిచ్చిన ఇంటర్నెట్ కంపెనీ ఒక్కటే. ఫోను చేస్తే మెయిల్ పెట్టమన్నారు. పెడితే అదీ తిరిగొచ్చింది. ఆ వేళ విసిగి వేసారి, నంబరు మాదేనని స్కూలు ముద్ర వేయించిన కాగితం పట్టుకుని, ఆ కంపెనీ ఉన్న కంపాలాకి బస్సెక్కాడు.

కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని తాకనైనా తాకలేదు. "మెయిల్ పెట్టండి, సెబో," అంది, అయ్యా అన్నట్టు మర్యాదగానే.

"బనాంగె, ఓరి దేవుడా! నా మెయిల్‌ని మీరే గుమ్మంలోంచి గెంటేస్తున్నారు కదమ్మా. నేను జూదగాణ్ణట. ఈ మొహం చూసి చెప్పు, పందెం కాసేవాడిలా ఉన్నానా?"

"కాసి ఓడిపోయినవాడిలా ఉన్నారు," అని నవ్వేసి, లోపలికెళ్ళి ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చింది. అయిదు నిమిషాల పని. అయిదంటే అయిదే!

మర్నాడు వెతికితే స్కూలు పేరే వచ్చింది. ఉత్తరం మళ్ళీ పంపాడు, తిరిగిరాలేదు. అందిందో లేదో కనుక్కుందామని గులూకి ఫోను చేశాడు.

"ఇప్పుడే అందింది," అన్నాడు అక్కడి గుమస్తా. "కానీ నిన్ననే ఇంకొకరిని తీసుకున్నామండీ. ముందే ఒక్క ఫోను చేసుంటే వారమైనా ఆగేవాళ్ళం."

బ్యారుహంగా ఫోను పెట్టేశాడు. ఇన్ని రోజులూ సర్వరుతో కుస్తీ పట్టాడే గానీ, అవతల ఒక మనిషి ఉంటాడని తట్టనే లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కెంబాబాజీ వచ్చింది. ఈసారి దాచలేదు, అంతా చెప్పేశాడు. తప్పు నాదేనమ్మా అన్నాడు.

ఆమె ఏడవలేదు, అరవలేదు.

"వెళ్ళలేదని మొదటి రోజే చెప్పుంటే, నేనే గులూ వెళ్ళి వాళ్ళ ముందు నిలబడేదాన్ని కదా, ముజే?"