తంగేడు పూల పందిరి

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మర్రిగూడ ప్రాంతానికి ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. మండల స్థాయిలో మా శాఖకు నేనే పెద్దను. నా పైన నల్లగొండలో సహాయ సంచాలకులు, కింద ఇద్దరు విస్తరణ సిబ్బంది. రైతుల దరఖాస్తులు తీసుకోవడం, పొలానికి వెళ్లి బోరు, నేల చూడడం, ఏ మొక్క నిలుస్తుందో సిఫారసు రాయడం నా పని. ఆ సిఫారసు మీద నా సంతకం ఉంటేనే బిందు సేద్యం పైపులు వచ్చేవి.

గొర్లు కాసుకునే యాదయ్యకు నా సిఫారసుతోనే అర ఎకరం బంతి తోట వచ్చింది. ఆ కార్తీకంలో బిడ్డ స్వరూప పెళ్లి పెట్టుకున్నాడు. పట్నం నుంచి పందిరివాళ్లు ప్లాస్టిక్ పూలు తెస్తామంటున్నారని, ఏం పెట్టాలో చెప్పమని పత్రిక పట్టుకొని ఆఫీసుకు వచ్చాడు. పెళ్లికొడుకుది జడ్చర్ల దగ్గర ఊరు, కొత్త చుట్టరికం. ఇంటిపేరు తంగెళ్ల. అది చదవగానే నాకు సంతోషం వేసింది. తంగేడు పూయించమని, కాపలా కాయమని ఎవరినీ అడగదు. పసుపు రంగు, గౌరమ్మకు ఇష్టమైనది, ఇప్పుడు రాష్ట్ర పుష్పం కూడా. వియ్యంకుల పేరుకు తగ్గ పువ్వు, మర్యాదగా ఉంటుందని చెప్పాను. అధికారి మాట కాబట్టి యాదయ్య ఎదురు అడగలేదు. పెళ్లినాడు పొద్దున్నే నలుగురు బంధువులు బీడు మీదికి పోయి మోపులు మోపులుగా కోసుకొచ్చారు.

నేను, నా భార్య వెళ్లేసరికి పందిరి పచ్చగా వెలుగుతోంది. కాసేపటికి మగపెళ్లివారి బస్సు దిగింది. ముందు నడిచిన పెళ్లికొడుకు నాయనమ్మ మల్లమ్మ పందిరి బయటే ఆగిపోయింది.

"ఎవలు కోసిండ్రు గివి?" అంది. "యాదయ్యా, గిది మా ఇంటి పువ్వు. తాతల సంది మేము దీని కొమ్మ ఇరువం, పుల్ల నోట్ల పెట్టం. మా ఆడోళ్లు బతుకమ్మల గూడ పెట్టరు. గీ పీనుగుల కింద నా మనుమడు కూసుంటడా?"

"నాకెర్క లేదు పెద్దమ్మా, సారు చెప్తే..." అని యాదయ్య నా వైపు చూశాడు.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. రాష్ట్ర పుష్పమని అనుకున్నాను అని కూడా అన్నాను. అనకుండా ఉండవలసింది.

"సర్కారుకు మొన్న అయింది సారూ. మాకు ఎప్పటి సందో. పత్రిక మీద మా పేరు సదివినవు, గంతే సదివినవు."

పెళ్లికొడుకు మేనమామ బస్సు తిప్పమన్నాడు. ముహూర్తానికి గంట కూడా లేదు. పసుపు బట్టల్లో లోపల కూర్చున్న స్వరూప పెళ్లి ఆగిపోయేట్టుంది. తల్లి ఆపుతున్నా ఆ పిల్ల బయటికి వచ్చి నేరుగా ముసలామెనే అడిగింది.

"అవ్వా, కోసిన పువ్వు మల్ల చెట్టుకు అతుకదు గదా. ఇంట్ల మనిషి పోతే ఏం జేస్తరో దానికి గదే చేద్దాం. ఏం జెయ్యాల్నో నువ్వు చెప్పు."

మల్లమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి కొమ్మా చేత్తో దించాలి, కింద పడేయకూడదు. కొత్త తెల్లబట్టలో కట్టాలి. కోసినవాళ్లే మెట్ట చెలక గట్టున గుంత తీసి పూడ్చాలి.

"చెప్పినోడు మొయ్యాలె" అని నా వైపు చెయ్యి చూపింది. మూట ఎత్తుకున్నాను. పూడ్చి వచ్చాక అందరం బోరు దగ్గర స్నానం చేశాం. నాకు యాదయ్య లుంగీ ఇచ్చారు. అయ్యగారు ఇంకో గంటకు ముహూర్తం చూశారు.

ఆలోగా ఆడవాళ్లు యాదయ్య తోటలో బంతిపూలు తెంపి గుచ్చుతున్నారు. నా భార్య కూడా వాళ్లలో కూర్చుంది. "బంతోళ్లు ఎవలన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి, సారుకు ఇంకో లుంగీ లేదు" అని ఎవరో అన్నారు. అందరికంటే ముందు నవ్వింది మల్లమ్మే. పెళ్లి బంతి తోరణాల కింద జరిగింది.

ఆ తర్వాత ఎన్నేళ్లయినా, ఇంటికి వచ్చినవాళ్లకు నా లుంగీ సంగతి నా భార్య చెప్పేది. ఎక్కడా నన్ను వెనకేసుకొచ్చేది కాదు. ఆమె పోయి రెండేళ్లయింది. చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేను రాస్తున్నాను.

మా దరఖాస్తు ఫారంలో సర్వే నంబరు, నీటి వసతి, నేల రకం అడిగే గడులు ఉండేవి. ఆ పెళ్లి తర్వాత, పదవీ విరమణ వరకు, ఫారంలో లేని ఒక ప్రశ్న కూడా అడిగేవాణ్ణి: మీ ఇంట్లో ముట్టని మొక్క ఏదైనా ఉందా? చాలామంది లేదని నవ్వేవారు. కొందరు గొంతు తగ్గించి ఒక పేరు చెప్పేవారు. ఆ మొక్కను నేను వాళ్లకు సిఫారసు చేయలేదు. పువ్వు ఎప్పుడు పూస్తుందో, ఎంత నీరు తాగుతుందో శాఖకు తెలుసు. ఒక ఇంటికి అది ఏమవుతుందో ఆ ఇంటివాళ్లే చెప్పాలి. అడగడానికి అర నిమిషం చాలు.