కొబ్బరి చక్కెర

ఇవాళ పొద్దున బజారులో, కేరళ నుంచి వచ్చిన కొబ్బరి చక్కెర చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. కాస్త మాడిన వాసనతో కమ్మగా కరిగింది. అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాను. ఏం చేయను, శకుంతల టీచరమ్మ తిట్లు గుర్తొచ్చాయి.

ఆమె నిజామాబాద్‌లో మా గల్లీ చివర ఉండేవారు. సోషల్ చెప్పి రిటైరయ్యారు. వందల ఏళ్ల కింద ఓడల్లో మన తీరాలకు వచ్చిన చైనా దుబాసీ ఒకాయన, తాను తిరిగిన దేశాల గురించి రాసిన పుస్తకం ఇంగ్లీషులో ఆమె దగ్గరుండేది. దాన్ని తెలుగులో తేవాలని ఆమె ఆశ. కానీ చూపు మసకబారింది. నేనేమో డిగ్రీ చదివి కూడా చాట ముందు కూర్చుని బీడీలు చుడుతున్నాను.

“ఒక్క పేజీ తెలుగు చేసి సూపియ్యి బిడ్డా. మంచిగుంటే పుస్తకమంతా నీకే ఇస్త” అన్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. నాకు బీడీలు తప్ప ఇంకో పని రాదనే ఇంట్లోవాళ్లకు చూపించాలి కదా!

అది కేరళలోని కోళికోడ్ గురించి రాసిన పేజీ. అక్కడివాళ్లు కొబ్బరి నుంచి నూనె తీస్తారు, చక్కెర చేస్తారు అని ఉంది. నాకు నవ్వొచ్చింది. మా పుట్టిల్లు బోధన్ పక్కనే. నిజాంసాగర్ నీళ్లు తాగిన చెరుకు నములుతూ పెరిగాను. చక్కెర దేంతో అవుతుందో నాకు చైనా ఆయన చెప్పాలా? పాపం పొరబడ్డాడని, కొబ్బరి తీసేసి చెరుకు పెట్టాను.

టీచరమ్మ భూతద్దం ఆనించి చూశారు.

“గీడ చెరుకెక్కడిది?”

“ఆయన తప్పు రాసిండు టీచరమ్మా. నేను సరిచేసిన.”

“నువ్వు కోళికోడ్ పోయినవా?”

“లేదు.”

“ఆయన పోయిండు. సముద్రం దాటొచ్చి, కండ్లతోని సూసి రాసిండు. నువ్వు బోధన్ల కూసోని ఆయన తోటల చెరుకు నాటినవ్!”

సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం చేజారిందనుకుని లేవబోతే, చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

“తెల్వకుంటే పక్కన తెల్వదని రాయి. గంతే. మల్ల రాసుకరా.”

మళ్లీ కొబ్బరి అనే రాశాను, పక్కన ‘తెలియదు’ అని పెట్టి. పుస్తకం నా ఒళ్లో పెట్టారు. ఆరేళ్లు పట్టింది. చివరి పేజీ విన్నాకే ఆమె కన్నుమూశారు.

ఇప్పుడది అచ్చవుతోంది. చక్కెర పొట్లంతో నేరుగా ప్రెస్సుకు వెళ్లాను. కంపోజింగ్ చేసే అన్న ప్రూఫులిస్తూ, “అక్కా, ఒక్క తాన తప్పు రాసినవ్. కొబ్బరితోని చక్కెరేంది? చెరుకని కొట్టిన” అన్నాడు గొప్పగా.

నవ్వు ఆగలేదు. పొట్లం విప్పాను.

“నువ్వు కోళికోడ్ పోయినవా అన్నా?”

“లేదక్కా.”

“ఆయన పోయిండు. జర నోట్లేసుకో.”

వేసుకున్నాడు. ఇంకో చిటికెడు అడిగాడు. తర్వాత ‘కొబ్బరి’ అని మళ్లీ కొట్టాడు. దాని పక్కన ఉన్న ‘తెలియదు’ను నా చేత్తో నేనే గీత గీసి తీసేశాను. పుస్తకంలో ఇంకా చాలా ‘తెలియదు’లున్నాయి. వాటిని అలాగే అచ్చెయ్యమని చెప్పి వచ్చాను.