ఇడ్లీ సంగతి ఎవరు చెప్పినట్టు?

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. సదుం పక్కన మా ఊళ్ళో వారానికి నాలుగు రోజులు కరెంటే కనిపించేది కాదు. కనిపించనివాటిని నమ్మడం మొదలుపెడితే ముందు ఆ కరెంటును నమ్మాలి.

అయినా తొంభైల చివర్లో పుంగనూరు ప్రభుత్వాసుపత్రిలో జరిగింది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అక్కకు ఇద్దరు పిల్లలు. ఇక పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానని పట్టుబట్టి బావను ఒప్పించింది. కుటుంబ నియంత్రణ క్యాంపు రోజు పొద్దున్నే అమ్మ, అక్క, నేను బస్సెక్కాం. నేనప్పుడు పదిహేడేళ్ళ పిల్లను. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదని మా ఊరి నర్సమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పిపోయింది.

అది అమ్మకు నచ్చలేదు. కత్తి కిందికి పోయే మనిషిని పస్తు పెడతారా? బస్సు దిగగానే ఆసుపత్రి గోడ వెనక్కి తీసుకుపోయి టిఫిన్ డబ్బా తెరిచింది.

"రెండే తిను. అడిగితే లేదను" అని అక్కకు చెప్పి నా వైపు తిరిగింది. "నువ్వు నోరు తెరిస్తే సూడు."

మా ఇంట్లో ఏ రహస్యం బయటపడినా మొదటి ముద్దాయిని నేనే.

వరండాలో ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి, మణికట్టుకు ప్లాస్టరు అంటించి నంబర్లు వేశారు. అక్క మూలన కూర్చుంది. కుడిపక్క అమ్మ, ఎడమపక్క గోడ. నేను నాలుగు బారల దూరంలో, మిగిలిన ఇడ్లీ నములుతూ నిలబడ్డాను.

ఆసుపత్రి సిస్టరమ్మ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "ఏమన్నా తినినావామ్మా?"

"లేదు" అంది అక్క.

"రెండు ఇడ్లీ తినింది. చట్నీ వద్దనింది."

ఆడగొంతు. కోపం లేదు, తొందర లేదు. రేడియోలో వార్తలు చదివినట్టు ఉంది.

సిస్టరమ్మ భగ్గుమంది. "మత్తు సూది ఏసినాక కక్కితే ఊపిరికి అడ్డం పడి సస్తావు! యాల దాస్తారమ్మా మీరు?" అక్క వంతును సాయంత్రానికి మార్చేసింది.

అమ్మ వచ్చి నన్ను గిల్లింది. నోటినిండా ఇడ్లీ ఉండటంతో అరవలేకపోయాను.

పదకొండింటికి, మార్చకముందు అక్కకు రావాల్సిన వంతు దాటిపోయింది. ఆ వెంటనే వరండా అంచున భళ్ళున కక్కుకుంది. భయమో, ఎండో. సిస్టరమ్మ నీళ్ళు తెచ్చి అక్క మొహం కడిగింది. "టేబులు మీద అయింటేనా..." అని మాత్రం అంది.

సాయంత్రం ఆపరేషన్ చక్కగా జరిగింది. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ విచారణ మొదలుపెట్టాను.

"మీ అక్కే సెప్పింది కదమ్మా" అంది సిస్టరమ్మ. తన గురించి తానే 'తినింది' అంటారా ఎవరైనా? తాను చెప్పలేదని అక్క పిల్లల మీద ఒట్టు కూడా పెట్టింది. అమ్మ లెక్కలో ముద్దాయిని నేనే. నాకు అమ్మ మీద అనుమానం, కానీ తన మీద తానే చాడీ చెప్పేంత న్యాయం మా అమ్మలో లేదు. గోడ వెనక ఎవరో చూశారనే అనుకుందాం. గొంతు వచ్చింది అక్క ఎడమపక్క నుంచి. ఆ పక్కన గోడ తప్ప మనిషి లేదు.

రెండేళ్ళ తర్వాత మదనపల్లె బస్సులో అక్క ఉన్నట్టుండి అడిగింది. "ఏమ్మే, ఆ పొద్దు నా సెవికి ఊపిరి తగిలింది. అప్పట్నించీ పానం కుదురుగా లేదు. నిజం సెప్పు, నువ్వే కదా?"

దాని మొహం చూశాను.

"నేనే" అన్నాను.

"బతికించినావు పో" అని నా చెయ్యి నొక్కి, కిటికీకి తల ఆనించి హాయిగా కునుకు తీసింది.

దిగేదాకా నాకు సీట్లో కుదురు లేదు. చేయని మేలుకు దండం పెట్టించుకున్నాను. చేసిందెవరో ఈ రోజుకూ తెలియదు.